తుపాకీ దింపినవాడికి కాపలా ఎవరు?

2025 ఆగస్టు 22న కొచ్చిలో మాట్లాడుతూ కేంద్ర హోంమంత్రి అమిత్ షా పద్నాలుగేళ్ల నాటి ఒక తీర్పును ఎన్నికల రంగంలోకి లాక్కొచ్చారు. సల్వాజుడుంకు వ్యతిరేకంగా ఆ తీర్పు రాకపోయి ఉంటే 2020 నాటికే నక్సలిజం అంతమయ్యేదని ఆయన ఆరోపణ. ఆ తీర్పు రాసిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి అప్పుడు ఉపరాష్ట్రపతి పదవికి ఇండియా కూటమి అభ్యర్థి. అది తన సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు అని ఆయన బదులిచ్చారు. హోంమంత్రి వ్యాఖ్యను తప్పుపడుతూ పలువురు విశ్రాంత న్యాయమూర్తులు ఉమ్మడి ప్రకటన చేశారు. సెప్టెంబరు 9న ఎన్నిక ముగిసింది. దానితో పాటే వివాదమూ చల్లబడింది.

ఆ మూడు వారాల వాగ్యుద్ధంలో న్యాయమూర్తి గురించి, హోంమంత్రి గురించి, మావోయిస్టుల గురించి ఎంతో చర్చ జరిగింది. ఆ తీర్పు ఎవరి చేతిలోని తుపాకీని దింపమన్నదో వారి ప్రస్తావన మాత్రం దాదాపు వినిపించలేదు. తుపాకీ వెనక్కి ఇమ్మన్న రోజున బస్తర్‌లోని ఆ వేలాది మంది ఆదివాసీ యువకులు ఏమన్నారు? వారి మాటను ప్రభుత్వం ఎలా వాడుకుంది? ఆయుధాలు అప్పగిస్తున్న మావోయిస్టుల ఛాయాచిత్రాలు పత్రికల నిండా కనిపిస్తున్న ఈ కాలంలో ఆ ప్రశ్న మళ్లీ వేసుకోక తప్పదు.

సల్వాజుడుం 2005 జూన్‌లో మొదలైంది. నాటి దంతెవాడ జిల్లాలోని కుట్రు, అంబేలి పరిసర గ్రామాల్లో తొలి సభలు జరిగాయి. అసెంబ్లీలో ప్రతిపక్ష నాయకుడైన కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ దానికి ముందుండగా, ముఖ్యమంత్రి రమణ్ సింగ్ నేతృత్వంలోని బీజేపీ ప్రభుత్వం అండగా నిలిచింది. ప్రభుత్వం దాన్ని శాంతి ఉద్యమం అన్నది. గోండిలో ఆ మాటకు శుద్ధి వేట అన్న అర్థమే దగ్గరని చెప్పినవారున్నారు. వందలాది పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు చేరారు. ఇంకొందరు శబరి, గోదావరి దాటి మన ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చిపడ్డారు. శిబిరాల్లోని యువకులను ప్రత్యేక పోలీసు అధికారులు, అంటే ఎస్పీవోలు అన్న పేరుతో తీసుకుని, చేతికి తుపాకీ ఇచ్చారు. ఐదో తరగతి చదివితే చాలు. శిక్షణ రెండు నెలలు. గౌరవ వేతనం తీర్పు నాటికి నెలకు 3,000 రూపాయలు, అందులో అధిక భాగం కేంద్రానిదే. 2011 మార్చి నాటికి ఛత్తీస్‌గఢ్‌లో ఎస్పీవోల సంఖ్య 6,500 అని ప్రభుత్వమే న్యాయస్థానానికి చెప్పింది.

నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన తెలుగువారైన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఈ.ఏ.ఎస్. శర్మ 2007లో వేసిన వ్యాజ్యంపై 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆదేశాలిచ్చింది. మావోయిస్టులపై పోరులో ఎస్పీవోలను వాడటం తక్షణం ఆపాలన్నది. కేంద్రం అందుకు నిధులివ్వరాదన్నది. ఇచ్చిన ప్రతి తుపాకీనీ వెనక్కి తెప్పించుకునేందుకు రాష్ట్రం అన్ని ప్రయత్నాలూ చేయాలన్నది. వీటి వెంటనే మరొక ఆదేశం ఉంది: నిన్నటిదాకా ఎస్పీవోలుగా పనిచేసిన వారి ప్రాణాలకు మావోయిస్టులతో సహా ఎవరి నుంచి ముప్పున్నా రక్షణ కల్పించాల్సింది రాష్ట్రమే. తీర్పును తిట్టినవారూ పొగిడినవారూ తుపాకీ గురించిన ఆదేశాన్నే గుర్తుంచుకున్నారు. ప్రాణరక్షణ గురించిన ఆదేశాన్ని ఇద్దరూ మరిచారు.

తీర్పు వచ్చిన రోజుల్లో బస్తర్ నుంచి వెలువడిన వార్తల సారాంశం ఒక్కటే: తుపాకీ ఇచ్చేస్తే మమ్మల్ని బతకనివ్వరు, ఊరికి పోలేం, శిబిరంలో ఉండలేం. ఈ మాటను ఆయుధంపై మోజుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. అప్పటికే 173 మంది ఎస్పీవోలు విధి నిర్వహణలో చనిపోయారని న్యాయస్థానం ముందు రాష్ట్రం ఉంచిన లెక్క. సొంత ఊరివారి మీదికే తుపాకీ పట్టుకుని పోయినవాడికి ఆ ఊళ్లో మళ్లీ చోటు దొరకదు. మావోయిస్టుల దృష్టిలో అతడు ద్రోహి. పోలీసుల దృష్టిలో అతడు దారి చూపే మనిషి మాత్రమే. రెంటికీ మధ్య అతడికి మిగిలిన ఏకైక ఆధారం ఆ తుపాకీ.

ప్రపంచంలో మరోచోట ఇలాంటి ఆంక్షకు ఎలాంటి స్పందన వచ్చిందో చూస్తే ఈ భయం స్వభావం తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర గవర్నర్ మిషెల్ లుహాన్ గ్రిషామ్, పిల్లలు కాల్పులకు బలైన నేపథ్యంలో, ఆల్బకర్కీ నగర ప్రాంతంలో బహిరంగంగా తుపాకీ పట్టుకు తిరగడాన్ని 30 రోజుల పాటు నిషేధిస్తూ అత్యవసర ఉత్తర్వు ఇచ్చారు. తుపాకీ యజమానులు ఆయుధాలతోనే వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. కొద్ది రోజులకే ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిషేధాన్ని నిలిపివేశారు. వారి భాష హక్కుల భాష. మన దగ్గర లైసెన్సు ఉన్న ఆసామి ఎన్నికల కోడ్ రాగానే తుపాకీని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి, ఫలితాలయ్యాక తిరిగి తెచ్చుకుంటాడు. అతడి లైసెన్సు రద్దు చేయాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలుకూ దారి ఉంది. ఎస్పీవోకు హక్కూ లేదు, అప్పీలూ లేదు. తుపాకీ అతడిది కాదు, ప్రభుత్వానిది. దాన్ని పట్టుకోవడం వల్ల తెచ్చుకున్న పగ మాత్రం పూర్తిగా అతడిదే.

ధర్మాసనం ఈ చిక్కును ముందే చూసింది. తుపాకులు తిరిగి ఇమ్మంటే ఈ యువకులు నిరాకరించవచ్చునని, అప్పుడు ప్రాణభయంతో, చట్టాన్ని ఉల్లంఘిస్తూ తిరిగే సాయుధ యువకుల గుంపులు మిగులుతాయని తీర్పులోనే హెచ్చరించింది. చదువు, శిక్షణ లేని వారిని అలాంటి స్థితికి నెట్టడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. అంటే సమానత్వపు హక్కూ జీవించే హక్కూ ముందుగా ఉల్లంఘనకు గురైంది తుపాకీ పట్టినవాడి విషయంలోనే. ఆ తీర్పు ఎస్పీవోలకు శత్రువు అనేవారు ఈ భాగం చదవాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? ఎస్పీవోల భయాన్ని ఆలకించింది. ఆ భయాన్ని పోగొట్టే పని పెట్టుకోలేదు, దాన్నే వాదనగా మార్చుకుంది. వారాలు గడవకముందే ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు బలగాల చట్టం, 2011గా మార్చింది. నిన్నటి ఎస్పీవో నేడు సహాయక కానిస్టేబుల్ అయ్యాడు. జీతం పెరిగింది, యూనిఫారం మారింది, తుపాకీ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. దీనిపై వేసిన కోర్టు ధిక్కార పిటిషన్‌ను జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ధర్మాసనం 2025 మే 15న ముగిస్తూ, చట్టసభ చట్టం చేయడం ధిక్కారం కాదన్నది. అదే ఉత్తర్వులో శాంతిని నెలకొల్పడం, బాధితులకు పునరావాసం కల్పించడం రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల బాధ్యత అని గుర్తుచేసింది. చట్టం చేసే అధికారం ఉన్నదన్న మాట నిజమే. ఆ అధికారాన్ని వాడి ఏ బాధ్యతను తప్పించుకున్నారన్నది వేరే ప్రశ్న.

భయపడిన ఎస్పీవో పట్ల సానుభూతి చూపడమంటే అతడి తుపాకీ ఎదుట నిలబడినవారిని మరవడం కాదు. 2011 మార్చిలో మోర్‌పల్లి, తిమాపురం, తాడ్‌మెట్ల గ్రామాల్లో ఇళ్లు తగలబడ్డాయి. అదే నెలలో సహాయ సామగ్రితో వెళ్తున్న స్వామి అగ్నివేశ్‌పై దోర్నపాల్ వద్ద దాడి జరిగింది. ఈ ఘటనలపై సీబీఐ విచారణకు ఆదేశించింది ఈ తీర్పే. తాడ్‌మెట్ల కేసులో 2016లో సీబీఐ దాఖలు చేసిన అభియోగపత్రంలో నిందితులుగా ఉన్నవారు ఎస్పీవోలుగా, ఆ తర్వాత సహాయక బలగంలో పనిచేసినవారే. వారిని నడిపించిన పైవారి మాటేమిటన్న ప్రశ్న అక్కడే ఆగింది. పేదవాడి చేతికి తుపాకీ ఇచ్చినవారికి ఉన్న సౌకర్యం ఇదే: ఎదురుకాల్పుల్లోనైనా, కేసులోనైనా, ముందు నిలబడేది అతడే.

ఈ పరంపర ఇప్పుడు డీఆర్‌జీ వరకు వచ్చింది. జిల్లా రిజర్వ్ గార్డ్ అనే ఈ బలగంలో స్థానిక ఆదివాసీలతో పాటు లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్నారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, వాహనం డ్రైవరు మరణించారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టు దళాల్లో ఉండి బయటికి వచ్చినవారేనని పోలీసు అధికారులే చెప్పారు. పేలుడు జరిగింది కుట్రు దారిలో, అంబేలి వద్ద. ఇరవై ఏళ్ల కిందట సల్వాజుడుం తొలి అడుగులు పడిన నేల అది. ఒక తుపాకీ దింపి ఇంకో తుపాకీ ఎత్తుకున్నవారు చివరికి అక్కడే నేలకొరిగారు.

మూడు వందల మంది బలగం చేయలేని పని ఆ అడవి తెలిసిన పది మంది చేస్తారన్నది పోలీసుల వాదన. యుద్ధతంత్రంగా చూస్తే అందులో నిజముంది. ఇటీవలి సంవత్సరాల్లో మావోయిస్టులకు తగిలిన పెద్ద దెబ్బల వెనుక డీఆర్‌జీ పాత్ర ఉందన్నదీ కాదనలేం. గట్టి భద్రత ఉన్న మహేంద్ర కర్మనే 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టులు చంపారు గనుక, నిరాయుధుడైన మాజీ ఎస్పీవోను ఎవరు కాపాడగలరన్న ప్రశ్నకూ బలముంది. కానీ ఈ వాదనలన్నీ కలిపి చెప్పేది ఒక్కటే: తన పౌరుడిని కాపాడే శక్తి తనకు లేదని రాజ్యం ఒప్పుకుంటున్నది. ఆ లోటును పూడ్చే భారం ఐదో తరగతి చదివిన కుర్రవాడి భుజాన వేయడం పరిపాలన అనిపించుకోదు.

ఆయుధం దింపడం అన్న మాట దగ్గర చర్చ తెగిపోవడం తెలుగువారికి కొత్త కాదు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నక్సలైట్లతో జరిపిన చర్చల్లో భూమి నుంచి పౌరహక్కుల వరకు ఎన్నో అంశాలు బల్ల మీదికి వచ్చాయి. కాల్పుల విరమణ కాలంలో దళాలు గ్రామాల్లో ఆయుధాలతో తిరగవచ్చునా అన్న దగ్గర పీటముడి పడింది. తుపాకీ లేకుండా తిరిగితే మా ప్రాణాలకు హామీ ఏదన్నది వారి ప్రశ్న. తుపాకీతో తిరిగితే ప్రజాస్వామ్యానికి చోటేదన్నది ప్రభుత్వ ప్రశ్న. రెంటికీ సమాధానం దొరక్క ముందే 2005 జనవరిలో చర్చలు ముగిశాయి. అదే ఏడాది ఆగస్టులో నిషేధం తిరిగొచ్చింది. భావజాలంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరమున్నా, నాటి దళ సభ్యుడూ 2011 నాటి ఎస్పీవో అడిగింది ఒక్కటే హామీ.

2025 అక్టోబరులో పరిస్థితి తలకిందులైంది. పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో 60 మందితో ఆయుధాలు అప్పగించారు. రెండు రోజులకు, 17వ తేదీన, తక్కళ్లపల్లి వాసుదేవరావు సహా 210 మంది జగ్‌దల్‌పూర్‌లో 153 ఆయుధాలతో లొంగిపోయారు. రాజ్యాంగ ప్రతులు, గులాబీలు ఇచ్చి స్వాగతించారు. అగ్రనాయకుల సంగతి ఎలా ఉన్నా, ఆ గుంపులో అధికులు పేరు తెలియని బస్తర్ ఆదివాసీలు. వారిలో ఎందరు ఊరికి వెళ్తారు? ఎందరు డీఆర్‌జీలో చేరతారు? ఊరికి వెళ్లినవారిని మిగిలిన దళాల నుంచి, కొత్త యజమానుల ఒత్తిడి నుంచి కాపాడేదెవరు?

2026 మార్చి 31 గడువు పెట్టుకున్న కేంద్రం లొంగిపోయిన తుపాకులను లెక్కపెడుతున్నది. లెక్కపెట్టవలసిన సంఖ్యలు ఇంకా ఉన్నాయి. తుపాకీ దింపినవారిలో మళ్లీ తుపాకీ పట్టనక్కరలేకుండా బతుకుతున్నవారెందరో ఏటా శాసనసభ ముందుంచాలి. లొంగుబాటు విధానంలో పోలీసు బలగంలో చేరడం షరతుగా గానీ, మిగిలిన ఒకే దారిగా గానీ ఉండరాదు. సల్వాజుడుం కాలంలో ఊళ్లు విడిచి తెలంగాణ, ఆంధ్ర అడవులకు వచ్చినవారి తిరుగు ప్రయాణానికీ, అప్పటి ఎస్పీవోల పునరావాసానికీ ఒకే పథకం కింద చోటు కల్పించాలి. ఎందుకంటే ఈ ఇద్దరూ ఒకే ఊరి మనుషులు, రేపు కలిసి బతకవలసినవారు.

ఇందుకు కొత్త తీర్పేమీ అక్కరలేదు. తుపాకీ దింపినవాడి ప్రాణాన్ని కాపాడాలన్న ఆదేశం 2011 జూలై 5 నాటి తీర్పులోనే ఉంది. హోంమంత్రికి ఆ తీర్పుపై అభ్యంతరాలు ఉండవచ్చు. అందులోని ఈ ఒక్క ఆదేశాన్ని అమలు చేయడానికి మాత్రం ఆయనకు ఎవరూ అడ్డులేరు.