పవర్ పెరిగిందట, వోచరేదీ?

ఇంజను కంప్యూటర్లో ప్రోగ్రాం మారిస్తే చాలు, 30 శాతం పవర్ పెరుగుతుందని రీమ్యాపింగ్ వాళ్ళ ప్రకటనలు. టర్బో డీజిల్ బండి అయితే ఆ అంకె అబద్ధం కానక్కర్లేదు. టర్బో గాలిని ఇంకాస్త ఒత్తిడితో నెడుతుంది, దానికి తగ్గ డీజిల్ పోస్తే బలం వస్తుంది. టర్బో లేని పెట్రోలు ఇంజనుకి ఆ అదనపు గాలి ఎక్కణ్ణుంచి వస్తుందండీ? సాఫ్ట్‌వేర్ ఊదుతుందా? అక్కడ దక్కేది మహా అయితే 5, 10 శాతం.

డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లు పెట్టినవాడి మాటనే రసీదుగా ఒప్పుకునేవాళ్ళం కాదు. ఇక్కడ అమ్మేవాడే డైనో మీద కొలుస్తాడు, వాడే కాగితం ఇస్తాడు! చక్రాల దగ్గర కొలిచిందా, ఇంజను దగ్గర ఇంత ఉంటుందని లెక్కగట్టిందా? 100 కిలోవాట్లు బ్రిటిష్ లెక్కలో 134 హార్స్‌పవర్, మెట్రిక్ లెక్కలో 136. ఏమీ చెయ్యకుండానే రెండు గుర్రాలు లాభం. అదే డైనో మీద, అదే రోజు, మార్పుకి ముందూ తర్వాతా కొలిచి చూపించమనండి.

చర్ల నుంచి పామేడు వైపు జీపు తిప్పేవాడికి ఇది సరదా వ్యవహారం కాదు. పెరిగిన వేడినీ ఒత్తిడినీ పిస్టన్లూ క్లచ్చూ మొయ్యాలి. వారంటీ పోవచ్చు. జ్వరంతో ఉన్న మనిషిని భద్రాచలం ఆసుపత్రికి తెస్తుండగా అడవి మధ్యలో బండి ఆగిపోతే, ఆ నష్టం ఎవరి ఖాతాలో రాస్తారో కూడా ప్రకటనలో వెయ్యమనండి.