ఒకే బిల్లు, మూడు పద్దులు: విడదీసి రాస్తేనే అది లెక్క



ప్రకృతి వ్యవసాయం మీద ఏ వీడియో పెట్టినా కింద వచ్చే ప్రశ్న ఒకటే: "ఎకరాకి ఎంత మిగిలింది?" న్యాయమైన ప్రశ్నే. మన జవాబు దగ్గరే తేడా వస్తోంది. ఇప్పుడు చాలామంది ఫోన్లోనో పుస్తకంలోనో ఖర్చు రాస్తున్నారు. కాకపోతే బజారుకెళ్ళి 1,850 ఇచ్చామంటే "కిరాణా 1,850" అని ఒక్క ముక్కలో రాసేస్తున్నారు. నేను చెప్పేది ఇదొక్కటే: ఆ ఒక్క ముక్కని విడదీయకపోతే, మిగులు గురించి మనం చెప్పే ఏ అంకెకీ విలువ లేదు.

పై వీడియోలో చూపించిన బిల్లునే తీసుకుందాం. ధరలు ఉదాహరణకి వేసినవి.

బెల్లం 12 కిలోలు 600. శనగపిండి 10 కిలోలు 800. ఇంటికి నూనె, పప్పు 450. మొత్తం 1,850.

బెల్లంలో 2 కిలోలు ఇంటికి. మిగతా 10 కిలోల బెల్లం, 10 కిలోల పిండి ద్రవ జీవామృతానికి. 200 లీటర్ల డ్రమ్ముకి బెల్లం 2 కిలోలు, పిండి 2 కిలోలు కాబట్టి అయిదు డ్రమ్ములు, అంటే అయిదు ఎకరాలకి ఒక్కో దఫా. మూడు డ్రమ్ములు వరికి, రెండు చోడికి వెళ్ళాయి. ఇప్పుడు రాయండి: వరి 780, చోడి 520, ఇల్లు 550. కూడితే మళ్ళీ 1,850. బిల్లు ఒకటే, పద్దులు మూడు.

ఇదేమీ కొత్త విద్య కాదు. వెనకటి కోమటి కొట్లో చిట్టాలో రోజువారీ రాసిందాన్ని ఆవర్జాలో ఏ పద్దుకాపద్దు ఎక్కించేవారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో దాన్నే స్ప్లిట్ అంటున్నారు. కంప్యూటర్ ఉన్నవాళ్ళకి గ్నూక్యాష్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక చెల్లింపుని ఎన్ని పద్దులకైనా పంచొచ్చు. పంచింది మొత్తానికి సరిపోకపోతే, తేలని సొమ్ముని "ఇంబాలెన్స్" అనే పద్దులో పెట్టి చూపిస్తుంది. పంచే సౌకర్యం లేని ఫోన్ యాప్ అయితే ఒకే తారీఖున మూడు వరసలు రాసి, మూడింటికీ ఒకే బిల్లు నంబరు వెయ్యండి. పుస్తకమైనా అంతే.

అమ్మకం దగ్గర నష్టం ఇంకా పెద్దది. ఉద్దానంలో జీడిపిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాం. బస్తా 10,000 చొప్పున రెండు బస్తాలు వేశాం అనుకోండి. వ్యాపారి ముందు ఇచ్చిన అడ్వాన్సు 5,000, హమాలీ, బండి బాడుగ 400 పట్టుకుని చేతిలో 14,600 పెట్టాడు. చాలామంది "జీడి ఆదాయం 14,600" అని రాస్తారు. తోట ఇచ్చింది 20,000. ఖర్చు 400. ఆ 5,000 అప్పు తీర్చడం, ఖర్చు కిందకి రాదు. దాంట్లో వడ్డీ కలిసుంటే ఆ వడ్డీ ఒక్కటే ఖర్చు. 14,600 అని రాసుకున్నవాడు "తోట గిట్టడం లేదు" అనుకుంటాడు. ఆ మాట మీద చెట్లు కొట్టించుకునేవాళ్ళు కూడా ఉంటారు.

మన పద్ధతికి ఈ విడదీత ఇంకా ముఖ్యం, ఎందుకంటే "జీరో బడ్జెట్" అన్న మాటే దీని మీద నిలబడింది. సుభాష్ పాలేకర్ గారు ఆ మాట వాడింది, అసలు పంట ఖర్చు అంతర పంట రాబడితో తీరిపోవాలన్న అర్థంలో. చోడిలో కంది వేశాం. కంది ఎంత తెచ్చింది, చోడికి ఎంత పెట్టాం అన్నది విడిగా రాయకపోతే ఆ మాట మన పొలంలో నిజమయిందో లేదో మనకే తెలీదు.

ఇక ఆవు. మేత, తవుడు ఖర్చంతా పొలం మీద వేస్తే జీవామృతం ఖరీదైపోతుంది. అంతా పాల మీద వేస్తే జీవామృతం ఊరకనే వచ్చినట్టు కనబడుద్ది. రెండూ అబద్ధమే. ఖచ్చితమైన వాటా ఎవరూ చెప్పలేరు. నా సలహా ఏటంటే, పాలిచ్చే ఆవుకి సగం ఇల్లు, సగం పొలం. వట్టిపోయిన ఆవుకి మొత్తం పొలమే. ఉగాది రోజున ఒక వాటా అనుకుని ఏడాదంతా దానికే కట్టుబడండి. లాభం చూపించాలనిపించినప్పుడల్లా వాటా మార్చితే అది లెక్క అనిపించుకోదు.

అన్నిటికన్నా ఎక్కువగా మరుగున పడేది ఇంటివాళ్ళ చాకిరీ. కషాయం కాచడం, ఘన జీవామృతం కలపడం, కలుపు తీయడం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడతాయి. డబ్బు చెయ్యి మారదు కాబట్టి లెక్కలోకి రాదు. కేంద్రంలో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ చేతి నుంచి పెట్టిన ఖర్చుని ఏ2 అని, దానికి ఇంటిల్లిపాది కష్టాన్ని కలిపి ఏ2+ఎఫ్ఎల్ అని, సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపి సీ2 అని విడిగా కడుతుంది. మద్దతు ధర మీద రైతు సంఘాల గొడవలో ఒక ముఖ్యమైన సంగతి ఒకటిన్నర రెట్లు దేని మీద కట్టాలన్నది. ఢిల్లీలో సీ2 కావాలని అడుగుతూ, మన పుస్తకంలో మాత్రం ఇంటిదాని రోజులు సున్నా వేసుకుంటే ఎలా? రోజులు రాయండి, ఊళ్ళో కూలి రేటు కట్టండి. చేతి ఖర్చులో కలపొద్దు, పక్కన వేరే పద్దుగా ఉంచండి. తిండికి ఉంచుకున్న ధాన్యం కూడా కళ్ళం ధరకి పొలానికి జమ, ఇంటికి ఖర్చు.

"ఉభాల రోజుల్లో తిండికే తీరిక లేదు, ఈ రాతలెవరు రాస్తారు?" అంటారు. నిజమే. అందుకే నాలుగు పంటలకి నలభై పద్దులు పెట్టొద్దు. ఇల్లు, ఆవు, అప్పు, పంటకొకటి. అంతే చాలు. విడదీసినా మన నిర్ణయం ఏమీ మారని చిల్లర ఖర్చుని విడదీయక్కర్లేదు. కానీ విడదీసేది మాత్రం ఆ పూటే చెయ్యాలి. పది రోజులు పోతే బెల్లం ఎన్ని కిలోలు డ్రమ్ములోకి వెళ్ళిందో ఎవరికి గుర్తుంటుంది?

రాయగలమా అన్న సందేహం కూడా అక్కర్లేదు. మన పొదుపు సంఘాల పుస్తకాల్లో కంతు కట్టిన ప్రతిసారీ అసలు ఒక గడిలో, వడ్డీ ఒక గడిలో ఎప్పటినుంచో రాస్తున్నారు. రైతు సాధికార సంస్థ ఈ సేద్యాన్ని ఊళ్ళలోకి తెచ్చింది కూడా ఆ సంఘాల ద్వారానే. సంఘం డబ్బుకి చూపించే ఆ జాగ్రత్తే పొలానికీ చూపించమంటున్నాను.

మన మాట నమ్మి పక్క రైతు, అందులోనూ కౌలు రైతు, ఎరువుల బస్తా మానేస్తాడు. అతనికి ఒక పంట పోతే ఏడాది పోయినట్టే. ఇంటి ఖర్చు కలిపేసి మంచి పద్ధతిని చెడ్డగా చూపించినా, చాకిరీ వదిలేసి చవకగా చూపించినా మోసపోయేది అతనే. అందుకని ఈసారి "ఎకరాకి ఎంత మిగిలింది?" అని ఎవరైనా అడిగితే అంకె ఒక్కటే చెప్పకండి. విడదీసి రాసిన పేజీ ఫోటో పెట్టండి.