పెరటి జలపాతం పడకేస్తే

పెరటి కొలనులో బుల్లి జలపాతం ఆగిపోతే, “పోనిద్దూ, ఆదివారం చూద్దాం” అనుకుంటాం. మనకది అలంకారమే గాని, చేపలకు ఊపిరి. పైనుంచి పడే నీరు గాలిని కలుపుకుని దిగుతుంది. ఎండాకాలం వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. రాత్రిపూట మొక్కలూ, పాచీ కూడా దాన్నే వాడుకుంటాయి. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే ఆ పూటే చూడాలి.

మా సంగారెడ్డి ఇంట్లో నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు ప్లగ్గు ఊడదీయండి. స్విచ్చి ఆపితే చాలదు. పంపు పైకి తీసి, జాలీకి పట్టిన ఆకులూ, పాచీ దులపండి. లోపలి చిన్న చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. తిరగలేదా? వెంట్రుకో, పీచో చుట్టుకుని వుంటుంది. తెల్లని పెచ్చు కట్టిందా? అది బోరునీటి సున్నం. వెనిగర్‌లో గంటసేపు నానేసి, పాత పళ్లబ్రష్షుతో తోమి, బాగా కడగండి. చక్రం తిరుగుతూనే వుంటే అడ్డు గొట్టంలో వున్నదన్నమాట.

బాత్‌రూము యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి ఊళ్ల నీరు చెడితే, ఆ గోడు 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. ఆ కథ ఎరిగిన మనం మన కొలనులో మనమే విషం కలుపుకోవడమేమిటి? కొళాయి నీరు పోసేవారు, క్లోరిన్ పోయేలా ఒక రోజు తొట్టిలో నిలవుంచి పొయ్యండి.

పంపును బురదలో కాక ఇటుకమీద కూర్చోబెట్టి, వారానికోసారి జాలీ దులపండి. యీ తిప్పలు సగం తప్పుతాయి.