చుట్టమెవరు?

కనుమనాడు కాకియైనను కదలదని సామెత. ఆనాడు మినుము తినవలెనని ఆచారము. కాని ఉద్యోగమునకో చదువునకో ఊరు విడిచినవారికి ప్రతి పండుగకును ఇల్లు చేరుట సాధ్యము కాదు. కావుననే హైదరాబాదులోనో బెంగుళూరులోనో అద్దె యింట నలుగురు మిత్రులను పిలిచి గారెలు వండి పెట్టు దంపతులు నేడు పెక్కురు. ఏటేట అదే పంక్తి సాగినచో అది విందు కాదు. ఇంటి పండుగయే యగును.

ఇందువలన బంధుత్వము క్షీణించుచున్నదని వగచువారు కలరు. వారు సుమతీ శతకమును తలచుకొనవలెను. అక్కఱకు ఆదుకొనని చుట్టమును విడువుమని శతకకర్త ఏనాడో హితవు పలికెను. విడిచినవాని చోట ఎవరిని కూర్చుండబెట్టవలెనో మాత్రము చెప్పలేదు. అర్ధరాత్రి జ్వరము వచ్చినపుడు వైద్యుని తోడ్కొని వచ్చిన పొరుగువాడే ఆ విస్తరికి అర్హుడు. బంధువనగా కట్టివేయువాడని ధాత్వర్థము. రక్తముచేతనే కట్టవలెనన్న నియమము అందు లేదు.

అయినను ఒక పరీక్ష కలదు. ఒకనాడు మన పంక్తులు కులమును బట్టి తీరెడివి. నేటికిని “మాకు అన్నవంటివాడు” అనుచునే ఆ మిత్రుని ముందుగదిలో నిలిపి, వంటయింటి గడప దాటనీయని యిండ్లు కలవు. నోటి వరుస చుట్టరికము కాదు. వంటయింట చేయి కలిపి, పప్పులో ఉప్పు తక్కువైనదని జంకక చెప్పగలవాడే చుట్టము. అట్టివాడు ఒక్కడున్నను ఆ యింట కనుమకు కొఱత లేదు.