పెద్దాడు అన్నం తిన్నాడా?

బైబిలు కథలనుంచి నిత్యజీవితానికి పాఠాలు తీసుకోవడం గురించి ఎవరు మాట్లాడినా, చాలా ఏళ్ళ క్రితం మా అమ్మ అడిగిన ప్రశ్న ఒకటి నాకు జ్ఞాపకం వస్తుంది. దాని సంగతి చెప్పేముందు కొంత ఉపోద్ఘాతం తప్పదు. ఓపిక పట్టండి.

నేను క్రైస్తవుణ్ణి కాను. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో, మిషను బడిలో ఏడేళ్ళు చదువుకున్నవాణ్ణి. వారానికొక పిరియడు నీతిబోధ ఉండేది. గోడకు ఆనించిన పలకమీద ఫ్లానెల్ గుడ్డ పరిచి, దానిమీద రంగుల బొమ్మలు ఒక్కొక్కటే అతికిస్తూ మా పంతులమ్మగారు కథ చెప్పేవారు. దావీదు చేతిలో వడిసెల, గొల్యాతు చేతిలో ఈటె, యోనాను మింగిన చేప - ఇవన్నీ ఆ గుడ్డమీదే మొదటిసారి చూశాను. కథ అయిపోయాక పలకలమీద ఒక వాక్యం రాయించేవారు: "ఈ కథవలన మనము నేర్చుకొను నీతి". పరీక్షలో దానికి రెండు మార్కులు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పంచతంత్రంతో, పెద్ద బాలశిక్షతో పెరిగినవాళ్ళం. కథకు చివర నీతి లేకపోతే భోజనం చివర మజ్జిగ పోయనట్టు ఉంటుంది మనకు. ఇవాళ వాట్సాపులో పొద్దున్నే వచ్చి పడే సందేశాలకూ, దావీదు కథ చెప్పి వ్యాపారంలో పెద్ద కంపెనీని పడగొట్టడమెలాగో నేర్పే ఉపన్యాసాలకూ మూలం ఆ మజ్జిగే అనుకుంటాను.

చిక్కేమిటంటే, ఈ కథల్లో చాలావాటికి చివర నీతి ఉండదు. యోనా గ్రంథం ముగిసేది ప్రశ్నతో. కుడియెడమలు తెలియని లక్షా ఇరవైవేలమంది, అన్నన్ని పశువులు ఉన్న నీనెవె పట్టణంమీద జాలిపడవద్దా అని దేవుడు అడుగుతాడు. యోనా ఏమన్నాడో లేదు. పుస్తకం అక్కడే ఆగిపోతుంది. మంచి సమరయుడి కథా అంతే. నా పొరుగువాడెవడు అని అడిగిన ధర్మశాస్త్రపండితుడికి జవాబు దొరకదు, కథ విన్నాక తిరుగు ప్రశ్న ఎదురవుతుంది. (అన్నట్టు ఆ సమరయుడు మన చట్టంలోకి కూడా వచ్చాడు. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారికి సాయంచేసినవాళ్ళను వేధించకూడదంటూ 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలలోనూ, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షనులోనూ అతని పేరే ఉంది. రెండు మార్కుల నీతి ఒకటి ఇంతపని చేయడం అరుదు. కాబట్టి నీతులు పనికిరావని నేనడంలేదు.)

ఇక అసలు కథ. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. తెలుగు క్రైస్తవులు తప్పిపోయిన కుమారుడి కథ అంటారు. ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు తండ్రి బతికుండగానే వాటా పంచమని తీసుకుని, దూరదేశం పోయి అంతా తగలేసి, కరువొచ్చి పందులు మేపి, బుద్ధి తెలిసి తిరిగివస్తాడు. తండ్రి దూరంనుంచే చూసి పరుగెత్తుకెళ్ళి కావలించుకుంటాడు. ప్రశస్తమైన వస్త్రం, ఉంగరం, చెప్పులు, క్రొవ్విన దూడ, విందు, వాద్యాలు. పొలంనుంచి వచ్చిన పెద్దవాడు సంగతి తెలిసి అలిగి, లోపలికి రానంటాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలతాడు.

నేను పలకమీద రాసిన నీతి: పశ్చాత్తాపపడినవానిని దేవుడు క్షమించును. రెండుకు రెండు మార్కులు.

ఆ సాయంత్రం ఈ కథ అమ్మకు చెప్పాను. అమ్మ బైబిలు చదివిన మనిషి కాదు, ఏ పుస్తకమూ పెద్దగా చదివిన మనిషి కాదు. బియ్యంలో రాళ్ళేరుతూ మొత్తం విని, "మరి పెద్దాడు అన్నం తిన్నాడా?" అని అడిగింది. కథలో లేదన్నాను. "అదేం కథరా" అని చేట పక్కన పెట్టి లేచిపోయింది.

నిజంగానే లేదు. తండ్రి మాటలతో కథ ఆగిపోతుంది. పెద్దవాడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా చెప్పడు. ఈ కథ మరే సువార్తలోనూ లేదు కనుక ఇంకెక్కడా వెతుక్కోవడానికి వీల్లేదు.

పెద్దవాణ్ణి అసూయాపరుడిగా తీసిపారేసే వ్యాఖ్యానాలు చాలా విన్నాను. కథను నెమ్మదిగా చదివితే అంత తేలికగా తీసిపారేయబుద్ధి కాదు. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్ళు. ఇద్దరే కొడుకులైతే మూడింట రెండు పాళ్ళు పెద్దవాడివి, ఒకటి చిన్నవాడిది. చిన్నవాడిది అయిపోయింది. అంటే ఆ ఇంట్లో ఇక మిగిలినదంతా, ఆ దూడతో సహా, పెద్దవాడికి రావలసిందే. నాకున్నదంతా నీదే అని తండ్రి కూడా ఒప్పుకుంటాడు. పోనీ సొమ్ము సంగతి వదిలేద్దాం. అతను పొలంలో ఉన్నాడు. ఇంట్లో దూడను కోసి, వండి, వాద్యాలు పెట్టించి, నాట్యం దాకా వచ్చేవరకు అతనికి కబురు పంపినవాళ్ళు లేరు. పాటలు విని, ఒక పనివాణ్ణి పిలిచి అడిగితే గాని తమ్ముడు వచ్చినట్టు తెలియలేదు. క్షమకు మారుపేరుగా చెప్పుకునే ఆ తండ్రి కూడా ఒక మనిషిని మరిచిపోయాడు.

అలాగని పెద్దవాణ్ణి నెత్తిన పెట్టుకోనక్కరలేదు. అతని మాటల్లో విషం ఉంది. తమ్ముడు వేశ్యలపాలు చేశాడంటాడు. కథ చెప్పినవాడు దుర్వ్యాపారమన్నాడు గాని ఆ మాట అనలేదు, ఇతను కలిపాడు. తమ్ముడని కూడా అనడు, "నీ కొడుకు" అంటాడు. తండ్రి దాన్ని మెత్తగా "నీ తమ్ముడు" అని దిద్దుతాడు. మన ఇళ్ళలో ఆస్తి తగాదాలు చూసినవాళ్ళకు ఈ సర్వనామాల యుద్ధం గురించి నేను చెప్పనక్కరలేదు.

రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గు నగరంలోని హెర్మిటేజ్ మ్యూజియంలో రెంబ్రాంట్ గీసిన చిత్రం ఉంది, 1660ల చివరినాటిది. తండ్రి ముందు మోకరించిన కొడుకు, అతని వీపుమీద తండ్రి రెండు చేతులు. కుడిపక్కన ఎర్రని ఉత్తరీయంతో నిటారుగా నిలబడి చూస్తున్న మనిషిని పెద్దకొడుకంటారు చాలామంది. కథ ప్రకారం అతనప్పుడు పొలంలో ఉండాలి. చిత్రకారుడు కథను తప్పాడు గాని అతణ్ణి వదిలేసి బొమ్మ పూర్తిచేయలేకపోయాడని నా ఊహ.

ఇప్పుడు నా సంగతి. మా నాన్నకు నాలుగెకరాలు. అమెరికా చదువు కోసం 1998లో నా వాటా రెండెకరాలు అమ్మించుకుని వెళ్ళాను. నాన్న బతికే ఉన్నారు. మిగిలిన రెండెకరాలు, మరికొంత కౌలు భూమి పెట్టుకుని అన్నయ్య ఊళ్ళోనే ఉన్నాడు. నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు గుంటూరు ఆసుపత్రికి తిప్పిందీ, మంచంమీద ఒళ్ళు తుడిచిందీ, చివరికి కొరివి పెట్టిందీ అన్నయ్యే. నేను డబ్బు పంపాను. వీసా చిక్కులవల్ల రాలేకపోయానని అందరికీ చెప్పాను. అది నిజమే, పూర్తి నిజం కాదు.

2007లో వచ్చాను. మార్చినెల. అనుకున్నదానికి ఒకరోజు ముందే ఊరు చేరాను. అమ్మ గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. నాటుకోడి కోయించింది, గారెలు వండించింది, వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. పెట్టెలు విప్పి చాక్లెట్లు, సబ్బులు పంచాను. అన్నయ్య రాత్రి పదింటికి వచ్చాడు. మబ్బు పట్టిందని, మిరపకాయలమీద పట్టాలు కప్పి కల్లంలో కాపలా ఉన్నాడట. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, "ఎప్పుడొచ్చావురా?" అన్నాడు. కాసేపు మాట్లాడి అరుగుమీద మంచం వాల్చుకున్నాడు. అతనికి ఫోను చేయాలని మా ఎవరికీ తోచలేదు. తిన్నాడో లేదో నేనడగలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు స్నేహితుల మధ్య నన్ను నేను తప్పిపోయిన కుమారుడినని సరదాగా చెప్పుకునేవాణ్ణి. ఆ పోలికలో నాకు క్షమాపణ ముందే దొరికేసి ఉంది. అన్నయ్య ఎప్పుడైనా ముభావంగా ఉంటే అతనికి పెద్దకొడుకు వేషం వేసేవాణ్ణి. కథ నా చేతిలో ఉంది కదా!

అధ్యాయం మొదటి రెండు వచనాలు నేనెప్పుడూ సరిగా చదవలేదు. ఈ కథ చెప్పింది ఎవరికి? పాపులతో కలిసి తింటున్నాడని సణుగుతున్న పరిసయ్యులకు, శాస్త్రులకు. అంటే ఇంటిపట్టున ఉన్నామనుకునే పెద్దకొడుకులకు. వాళ్ళ మనసు మెత్తబడడానికి యేసు చెప్పిన కథను చిన్నకొడుకునైన నేను మా అన్నయ్యమీదికి విసిరాను. ఒకరికి రాసిన మందును మరొకరు మింగినట్టుంది. బైబిలు కథలనుంచి పాఠాలు తీసుకోవడంలో నాకున్న అభ్యంతరం ఇదే. మనం తీసుకునేది సాధారణంగా పక్కవాడికి పనికొచ్చే పాఠం. మార్త, మరియల కథ విన్న మగవాళ్ళు ఎవరైనా తామే వంటింట్లోకి వెళ్ళి ఆ రోజుకు మార్తను కూర్చోబెట్టిన దాఖలా నేను చూడలేదు.

మరి చిన్నవాడికి ఈ కథలో పాఠం లేదా? వెతికితే ఒక ఖాళీ కనిపించింది. విందు మొదలయ్యాక చిన్నవాడి ఊసే లేదు. వేలికి ఉంగరం, కాళ్ళకు చెప్పులు, పళ్ళెంలో మాంసం. వాకిట్లో అన్న గొంతు పెరిగింది. తండ్రి లేచి వెళ్ళాడు. చిన్నవాడికి వినపడలేదా? చెప్పులు తొడుక్కునే ఉన్నాడు కదా, తనూ లేచి వెళ్ళవచ్చు. వెళ్ళినట్టు లూకా రాయలేదు. వెళ్ళలేదనీ రాయలేదు.

అమ్మ ఇప్పుడు లేదు. పోయిన సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు అరుగుమీద కూర్చుని ఆ 2007 రాత్రి గురించి అన్నయ్యతో ఎత్తాను. ఫోను చేయాల్సింది, చేయలేదు, తప్పయింది అన్నాను. అన్నయ్య కొంచెంసేపు ఆలోచించి, "ఆ రోజు కల్లంలో పదిహేను క్వింటాళ్ళు ఉన్నాయిరా. తడిస్తే ఆ ఏడు అయిపోయేవాళ్ళం" అన్నాడు. తర్వాత, "తినొచ్చాననే చెప్పాను గదా" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వదిన ఏదో అనబోతున్నదనుకున్నాను. ఏమీ అనలేదు. కాసేపటికి ఇద్దరికీ కంచాలు పెట్టింది.