చలువగదిలో నిద్ర

విశాఖపట్టణము సముద్రతీరమున వెలసిన నగరము. అచ్చట వేసవి రాత్రులయందు ఎండ లేకున్నను ఉక్క తగ్గదు. కడలిపైనుండి వచ్చు గాలిలో తేమ అధికము. అందువలన చెమట త్వరగా ఆరదు. చెమట ఆరనిదే ఒడలు చల్లబడదు. పూర్వము జనులు డాబాలపై చాపలు పరచుకొని సముద్రపుగాలికై ఎదురుచూచెడివారు. నేడు పెక్కు ఇండ్లలో కిటికీలు మూసి, వాతానుకూల యంత్రమును నడిపి నిద్రించుచున్నారు. తెల్లవారునప్పటికి గొంతు ఎండి, మ్రింగుట కష్టమై, కంఠము బొంగురుపోవుట వారిలో అనేకులకు అనుభవమే. ఈ బాధకు యంత్రమే కారణమని కొందరు నిందింతురు. ఆ నింద సగము మాత్రమే నిజము.

1902వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయమునకు చిక్కు వచ్చినది. గాలిలోని తేమ హెచ్చుతగ్గులవలన కాగితము సాగుచు, ముడుచుకొనుచు ఉండుటచే రంగులు సరిగా అచ్చుపడకుండెను. ఆ చిక్కును తీర్చుటకై విల్లిస్ క్యారియర్ అను యువ ఇంజనీరు రూపొందించిన యంత్రమే నేటి వాతానుకూల యంత్రములకు ఆద్యము. గాలిలోని తేమను అదుపు చేయుటయే దాని తొలి పని. నేటికిని ఇంటిగోడ వెలుపల గొట్టమునుండి బొట్లుబొట్లుగా కారు నీరు, గదిలోని గాలినుండి తీసిన తేమయే.

మనము పీల్చు గాలిని వెచ్చజేసి, తడిపి, దుమ్మును వడగట్టి లోనికి పంపునది ముక్కు. ముక్కు దిబ్బడ వేసినవాడు నిద్రలో నోటితో గాలి పీల్చును. అప్పుడు చల్లని పొడిగాలి నేరుగా గొంతును తాకును. నిద్రలో లాలాజలము ఊరుట కూడ తక్కువ. కావున గొంతులోని మెత్తని పొర ఎండి మండును. ఇందు యంత్రము దోషము కొంత గలదు. దానిని వాడువారి దోషము అంతకంటె అధికము. గాలి ముఖముపై నేరుగా వీచునట్లు పడుకొనుట ఒక దోషము. జల్లెడలో పేరుకొన్న దుమ్మును, బూజును నెలల తరబడి కడుగకుండుట రెండవది. గదిలోని గాలినే త్రిప్పి త్రిప్పి చల్లబరచు యంత్రమును నమ్మి, రేయింబవళ్లు తలుపులు బిగించుట మూడవది. అట్టి గదిలో ఒకరికి జలుబు చేసినచో తక్కినవారికిని సులభముగా అంటుకొనును.

అట్లని చలువయంత్రము వలదనుట న్యాయము కాదు. 2015వ సంవత్సరమున మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో రెండువేలమందికి పైగా మరణించిరి. వృద్ధులకును, రోగులకును వేసవిలో చల్లనిగది ప్రాణరక్షకము. ఉక్కు కర్మాగారమున రాత్రి అంతయు కొలుముల వేడిలో పనిచేసి, పగటివేళ నిద్రింపవలసిన కార్మికునికి అది విలాసము కాదు, విశ్రాంతికి సాధనము. వలదనవలసినది చల్లదనమును కాదు, అతిని. 2020 జనవరి నుండి గదులలో వాడు యంత్రములు 24 డిగ్రీలవద్ద పని ప్రారంభించునట్లు తయారు కావలెనని కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. అయినను మీట నొక్కి దానిని 18 డిగ్రీలకు దించి, పిదప చలికి రెండు దుప్పట్లు కప్పుకొనువారు కలరు. విద్యుత్తును వెచ్చించి చలిని కొని, ఆ చలిని దుప్పటితో తరుముట ఎట్టి వివేకము?

మరియొక హెచ్చరిక అవసరము. ప్రతి గొంతునొప్పిని యంత్రముపైకి నెట్టుట ప్రమాదకరము. లేచి గోరువెచ్చని నీరు త్రాగిన కొంతసేపటికి తగ్గునది పొడిగాలివలన కలిగిన బాధ కావచ్చును. జ్వరము, మెడలో గ్రంథుల వాపు, తగ్గని నొప్పి ఉన్నచో వైద్యుని చూడవలెను. బాలబాలికలకు వచ్చు ఒక రకపు సూక్ష్మజీవుల గొంతునొప్పిని ఉపేక్షించినచో, కొందరిలో అది కీళ్లవాతజ్వరమునకు దారితీసి, గుండె కవాటములను చెరచును. యంత్రమును నిందించుచు కూర్చున్న ఇంటిలో అసలు వ్యాధి దాగియుండవచ్చును.

విశాఖలోని ఉక్కు కర్మాగారము ఇనుమును కరగించు మహోగ్రమైన వేడిని గూడ కొలిచి, ఎంత వలయునో అంతయే వాడుచున్నది. వేడిని కొలిచి వాడనేర్చిన నగరమునకు చల్లదనమును కొలిచి వాడుట కష్టమా? యంత్రము మనుష్యుని సేవకునిగా ఉన్నంతవరకే మేలు. మీట చేతిలో నున్నవానికి మితము మనస్సులో నుండవలెను.