రెండో ప్రశ్న అడిగేదెవరు?

2023 డిసెంబర్ 4న, శీతాకాల సమావేశాల తొలిరోజున, లోక్‌సభకు ఒక లిఖితపూర్వక సమాధానం అందింది. అంతకు ముందరి ఐదేళ్ళలో ఉన్నత విద్యాసంస్థల నుంచి చదువు మధ్యలో మానేసిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులెందరన్నది ప్రశ్న. నాటి విద్యాశాఖ సహాయమంత్రి సుభాష్ సర్కార్ ఇచ్చిన లెక్క ఇది: కేంద్రీయ విశ్వవిద్యాలయాల నుంచి ఓబీసీలు 4,596, ఎస్సీలు 2,424, ఎస్టీలు 2,622; ఐఐటీల నుంచి అదే వరుసలో 2,066, 1,068, 408; ఐఐఎంల నుంచి 163, 188, 91. మొత్తం 13,626 మంది. ఉన్నత విద్యలో విద్యార్థులకు అనేక అవకాశాలుంటాయి గనుక ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు, ఒక కోర్సు నుంచి మరొక కోర్సుకు మారుతుంటారన్నది మంత్రిగారి వివరణ.

ఈ వివరణను ఆ అంకెల పక్కనే పెట్టి చదవాలి. ఐఐఎంలలో ఓబీసీలకు 27 శాతం, ఎస్సీలకు 15 శాతం సీట్లు రిజర్వు అయి ఉన్నాయి. సీట్ల వాటా దాదాపు సగమే ఉన్న ఎస్సీలలో మానేసిన వారి సంఖ్య ఓబీసీల కంటే ఎక్కువ. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 7.5 శాతం వాటా గల ఎస్టీలు 15 శాతం వాటా గల ఎస్సీలకంటే ఎక్కువగా వెళ్ళిపోయారు. ఈశాన్య రాష్ట్రాల కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో గిరిజన విద్యార్థులు సహజంగానే ఎక్కువ కనుక ఈ రెండో అంకెకు అది కొంత సమాధానం కావచ్చు. ఐఐఎంలకు ఆ సమాధానం చెల్లదు. మెరుగైన అవకాశం కోసమే వెళుతున్నారనుకుంటే, ఆ అవకాశాలు కులాన్ని బట్టి ఇంత హెచ్చుతగ్గులుగా ఎందుకు తలుపు తడుతున్నాయి? వెళ్ళినవారు మరో సంస్థలో చేరారని చెబుతున్న ప్రభుత్వం, ఎందరు ఎక్కడ చేరారో కూడా చెప్పగలగాలి కదా?

సభలో ఎవరూ అడగని రెండో ప్రశ్న ఇదే. అడగకపోవడానికి కారణం సభ్యుల బద్ధకం ఒక్కటే కాదు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకే మౌఖిక సమాధానం ఉంటుంది. వాటికి మాత్రమే అనుబంధ ప్రశ్న వేసే వీలుంది, ఆ ఇరవైలో సైతం సమయం చాలక సగానికి పైగా సభలో చర్చకు రానివే. మిగిలిన 230కి కాగితం మీద జవాబు వస్తుంది, వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అంటే అది హామీ అవుతుంది, ప్రభుత్వ హామీల కమిటీ దాని వెంటపడుతుంది. ‘విద్యార్థులు మారుతుంటారు’ అన్న వాక్యం హామీ కాదు కనుక దాని వెంటపడే కమిటీ ఏదీ లేదు. తెలియదని ఒప్పుకున్న మంత్రిని నిలదీసే యంత్రాంగం ఉంది గానీ, తెలిసినట్టు మాట్లాడిన మంత్రిని నిలదీసేది లేదు.

అదే సమావేశాల్లో ఉభయసభల నుంచి కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేశారు. వారి పేర ఉన్న ప్రశ్నలను కూడా జాబితాల నుంచి తొలగించారు. సభ్యుడు తప్పు చేశాడనే అనుకుందాం. అతని ప్రశ్న చేసిన తప్పేమిటి?

ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల గురించి అడగడానికి లోక్‌సభలో 84 ఎస్సీ, 47 ఎస్టీ రిజర్వుడు స్థానాల సభ్యులున్నారు. పైన చెప్పిన ప్రశ్న వేసింది మాత్రం వారెవరూ కాదు. ఉత్తరప్రదేశ్‌లోని అంబేడ్కర్ నగర్ అనే జనరల్ స్థానం నుంచి బీఎస్పీ తరఫున గెలిచిన రితేశ్ పాండే వేశారు. మూడు నెలలు తిరగకుండానే, 2024 ఫిబ్రవరిలో, ఆయన అధికార బీజేపీలో చేరారు. ప్రశ్నకు కొనసాగింపు ఆశించడం ఇక అత్యాశే. రిజర్వుడు సభ్యుల మౌనానికి మూలం 1932 పూనా ఒప్పందంలో ఉంది. ఉమ్మడి నియోజకవర్గంలో టికెట్ ఇచ్చేది పార్టీ, గెలిపించేది ఇతర కులాల ఓట్లు. విప్ వర్తించేది ఓటింగుకే, ప్రశ్న అడగవద్దని ఏ విప్పూ చెప్పదు. ఆ పని వచ్చే ఎన్నికల టికెట్ చేసిపెడుతుంది.

రోహిత్ వేముల మరణం తరువాత 2016 ఫిబ్రవరిలో పార్లమెంటు ఈ విషయంపై గంటల తరబడి చర్చించింది. విచారణ మాత్రం విద్యాశాఖ తానే నియమించిన ఏకసభ్య కమిషన్ చేతిలో ఉండిపోయింది. ఎవరి మీద ఆరోపణ వచ్చిందో వారే విచారణాధికారిని ఎంచుకున్నారన్నమాట. క్యాంపస్‌లలో కులవివక్షకు జవాబు కోరుతూ 2019లో రాధిక వేముల, ఆబేదా తడ్వి అనే ఇద్దరు తల్లులు సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చట్టసభ అడగవలసింది తల్లులు అడిగారు.

ఇక మన ఇంటి సంగతి. ఉస్మానియా రాష్ట్ర విశ్వవిద్యాలయం. ఆ 13,626లో ఇక్కడి విద్యార్థి ఒక్కడూ లేడు. అడిక్‌మెట్, తార్నాక గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దె పంచుకుంటూ చదివే పిల్లల్లో ఎందరు మధ్యలో ఊరికి వెళ్ళిపోయారో చెప్పవలసింది రాష్ట్ర ప్రభుత్వం, అడగవలసింది శాసనసభ. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల కళాశాలలు సర్టిఫికెట్లు ఆపేస్తే, పై చదువు సీటు చేతికొచ్చి జారిపోయిన విద్యార్థిని ఏ లెక్కలో వేస్తారు? అతను కోర్సు పూర్తి చేశాడు కనుక డ్రాపవుట్ కాడు, ముందుకు వెళ్ళలేదు కనుక ఉత్తీర్ణుడైనా ఒకటే. ‘బకాయి ఎంత?’ అన్న ప్రశ్న శాసనసభలో చాలాసార్లు వినిపించింది, దానికి కోట్లలో జవాబూ వచ్చింది. ఆ బకాయి వల్ల ఏ కులం పిల్లలు ఎందరు ఏ సెమిస్టర్‌లో ఆగిపోయారన్నది వేరే ప్రశ్న.

తెలంగాణ శాసనసభలోని 119 స్థానాల్లో 19 ఎస్సీలకు, 12 ఎస్టీలకు రిజర్వు అయ్యాయి. ఆ 31 మందిలో ఏ పార్టీ వారైనా సరే, రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారీగా చేరినవారు, మానేసినవారు, సర్టిఫికెట్ ఆగినవారు ఎందరో కులవర్గాల వారీగా చెప్పమని నక్షత్ర గుర్తు ప్రశ్న వేయవచ్చు. లిఖిత జవాబుతో సరిపెట్టుకోకుండా, మంత్రి సభలో నిలబడి చదివేలా, చదివాక అనుబంధ ప్రశ్న వేసే వీలుండేలా అడగాలి. ఆ ప్రశ్న ముసాయిదా రాసివ్వడానికి ఈ క్యాంపస్‌లో చదువుకున్నవారికి కొదవ లేదు.